గ్రీకుల వీరకావ్యములలో కుటుంబభక్తి

గ్రీకుల ప్రాచీన వీరకావ్యములనగానే పలువురకు మొట్టమొదట స్ఫురించునది యుద్ధము. కంచు కవచముల తళతళలు, రథముల ఘోష, కొయ్యగుఱ్ఱము, ఒంటికంటి రాక్షసుడు - ఇవియే మన బాలుర మనస్సులలో నిలిచియుండును. ఆంగ్ల వాచకములలోని సంగ్రహకథలను మాత్రమే చదివినవారు ఇట్లు తలచుట వింత గాదు. కాని మూలకావ్యముల గ్రంథమంతయు ఓపికతో చదివినవారికి వేఱొక సంగతి తెల్లమగును. ఇలియడ్ అను కావ్యము ఒక తండ్రి తన కూతును విడిపించుకొన వచ్చుటతో ఆరంభమై, మఱియొక తండ్రి తన కుమారుని శవమును విడిపించుకొన వచ్చుటతో ముగియుచున్నది. ఒడిస్సీ అను కావ్యమందు ఒక భార్య, ఒక కుమారుడు, ఒక ముసలి తండ్రి ఇరువది సంవత్సరములు ఒక్కని రాకకై వేచియుందురు. కావున ఈ కావ్యములకు యుద్ధము రంగస్థలము వంటిదనియు, అందు ఆడెడు నాటకము కుటుంబమునకు సంబంధించినదనియు చెప్పినచో అతిశయోక్తి గానేరదు.

కుటుంబమునెడల భక్తి మంచిదని ఎల్లరు నొప్పుకొందురు. అందులో కష్టమెక్కడ నున్నది? ఆ భక్తి మఱియొక ధర్మముతో ఢీకొనినపుడు ఏమి చేయవలెను? ఒక కుటుంబమునెడల భక్తి మఱియొక కుటుంబమునకు నాశహేతువైనపుడు దాని నెట్లు మెచ్చుకొనవలెను? ఈ ప్రశ్నలను ఆ ప్రాచీనకవి దాటవేయలేదు. అందుచేతనే ఈ విషయమును మా చదువరులకు కొంత విపులముగా తెలుపుటకు పూనుకొనుచున్నాము.

కావ్యములను గూర్చి

ఇలియడ్, ఒడిస్సీ అను రెండు కావ్యములను రచించినవాడు హోమరు మహాకవి యని ప్రాచీన గ్రీకులు నమ్మిరి. ఆయన జీవితచరిత్ర మనకు లభింపలేదు. ఈ కావ్యములు క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దాంతమునను ఏడవ శతాబ్దారంభమునను ఇప్పటి రూపమును పొందినవని పండితులలో పెక్కండ్ర అభిప్రాయము. ఇలియడ్ నందు ఇంచుమించు 15,700 పాదములును, ఒడిస్సీయందు ఇంచుమించు 12,100 పాదములును కలవు. రెండును తరువాతి కాలమున ఇరువదినాలుగేసి భాగములుగా విభజింపబడినవి. వ్రాతకు ముందు తరతరములుగా గాయకులు నోటితో పాడుచు వచ్చిన కథలే వీనికి ఆధారములు. మిల్మన్ పారీ అను అమెరికా పండితుడు 1933 మొదలు 1935 వఱకు యుగోస్లావియా దేశమున తిరిగి, అచ్చటి పల్లెటూళ్ల గాయకులు వ్రాతపుస్తకము లేకుండ దీర్ఘకథలను పాడు తీరును పరిశీలించి, హోమరు కావ్యముల నిర్మాణమును బోధపఱచుటకు దారి చూపెను.

కథాసంగ్రహము మనవారికి చాలమందికి తెలిసినదే. ట్రాయి నగరపు రాజైన ప్రయాముని కుమారుడు పారిసు, స్పార్టా రాజగు మెనెలాసుని భార్యయైన హెలెనును తీసికొనిపోయెను. మెనెలాసుని అన్న అగమెమ్నాను గ్రీకు రాజులనందఱిని కూడగట్టుకొని ట్రాయిని పది సంవత్సరములు ముట్టడించెను. అనగా యుద్ధమునకు కారణమే ఒక యింటి భంగము, ఒక అతిథి చేసిన ద్రోహము. ఇలియడ్ ఈ పదియేండ్లను వర్ణింపదు. పదియవ యేట కొన్ని వారములలో జరిగిన సంగతులను మాత్రమే చెప్పును. కొయ్యగుఱ్ఱపు కథ అందులేదు. అది ఒడిస్సీయందు ప్రసంగవశమున వచ్చును. ఒడిస్సీ ఆ యుద్ధము ముగిసిన పిమ్మట ఒడిస్యూసు అను వీరుడు ఇల్లు చేరిన కథ. లాటిను భాషవారు ఈతని పేరును మార్చి పలుకుటచే మన బాలురకు యులిసీసు అను పేరే ఎక్కువ పరిచితము.

గ్రీకులు ఇంటిని 'ఓయికోస్' అనిరి. ఈ మాటకు గోడలు, కప్పు అని మాత్రమే అర్థము గాదు. తలిదండ్రులు, ఆలుబిడ్డలు, సేవకులు, పసులు, పొలము, పండ్లతోట, పెద్దలనాటి పేరుప్రతిష్ఠలు - ఇవి యన్నియు కలిసి ఓయికోస్. నేడు అర్థశాస్త్రమునకు పాశ్చాత్యులు వాడు 'ఎకనామిక్స్' అను పదమునకు ఈ మాటయే మూలము. గృహనిర్వహణమని దాని మొదటి యర్థము. ఇట్టి గృహమును నిలుపుటయే హోమరు చెప్పు కుటుంబభక్తి. అది మనస్సులోని ప్రేమ మాత్రమే గాక చేతులతో చేయవలసిన పనియు నై యున్నది.

హెక్టరుని సంకటము

ఇలియడ్ నందు శత్రుపక్షపు వీరుడైన హెక్టరే ఉత్తమ గృహస్థుడుగా కన్పట్టుచున్నాడు. గ్రీకు కవి గ్రీకుల శత్రువునకు ఇంత ఉదాత్తమైన గృహజీవితము నొసగుట గమనింపదగినది. ఆఱవ భాగమున హెక్టరు యుద్ధభూమి నుండి కొద్దిసేపు నగరములోనికి వచ్చును. భార్య ఆండ్రొమకి యింట లేదు. యుద్ధము ప్రతికూలముగా నున్నదని విని, బిడ్డతో దాదిని వెంటబెట్టుకొని కోటగోడ యొద్దకు పరుగిడినది. దంపతులు కోటవాకిట కలిసికొందురు.

ఆండ్రొమకి తండ్రి థేబె నగరమున రాజుగా నుండెను. ఆయనను, ఆమె సోదరుల నేడ్వురను ఒక్కనాడే అకిలీసు చంపియుండెను. తల్లి విడుదల పొంది తిరిగివచ్చియు మరణించెను. కాబట్టి తనకు తండ్రియు, తల్లియు, తోబుట్టువును, భర్తయు హెక్టరొక్కడే యని ఆమె విన్నవించుకొనును. ఊరక యేడ్చుటయే గాదు, యుక్తియు చెప్పును: అత్తిచెట్టు దగ్గఱ కోటగోడ ఎక్కుటకు సులభముగా నున్నది, సేనను అక్కడ నిలిపి లోపలి నుండియే కాపాడుమనును.

హెక్టరునకు ఆ మాటలు అసత్యములని తోచలేదు. ట్రాయి ఒకనాడు పడిపోవుననియు, తండ్రియు అన్నదమ్ములును నశింతురనియు తాను ఎఱుగుదునని ఆతడే చెప్పును. వారందఱి దుఃఖము కంటె, ఆండ్రొమకిని ఎవడో ఒక గ్రీకువాడు బానిసగా లాగుకొనిపోవు దినమును తలచుకొనుటయే తనకు మిక్కిలి బాధ యనును. అయినను యుద్ధమునకు పోక తప్పదు. పిఱికివానివలె వెనుదీసినచో ట్రాయి స్త్రీపురుషుల ముఖము చూడజాలనని ఆతని భావము. భార్యాబిడ్డలను కాపాడుటకే యుద్ధము. ఆ యుద్ధమే ఆతనిని భార్యాబిడ్డలకు దూరము చేయుచున్నది. ఈ చిక్కును ఆతడు విడదీయలేడు, కవియు విడదీయడు.

అంతట హెక్టరు బిడ్డనెత్తుకొనుటకు చేతులు చాచును. శిరస్త్రాణముపై ఊగుచున్న గుఱ్ఱపువెండ్రుకల కుచ్చును చూచి బిడ్డ జడిసి దాది రొమ్మున ముఖము దాచుకొనును. తల్లియు తండ్రియు నవ్వుదురు. హెక్టరు శిరస్త్రాణమును తీసి నేలపై నుంచి, బిడ్డను ముద్దాడి, వీడు తండ్రిని మించినవాడని జనులు చెప్పుకొనవలెనని దేవతలను ప్రార్థించును. బిడ్డను భయపెట్టిన ఆ లోహపు టోపీయే బిడ్డను కాపాడుటకు ఆతడు ధరించినది! యుద్ధము గృహమునకు చేయు అపకారమును ఇంతకంటె చిన్న దృశ్యములో చూపుట ఎవరి తరము?

కాని కవి హెక్టరును నిర్దోషిగా చూపలేదు. ఇరువదిరెండవ భాగమున అకిలీసు మీదికి వచ్చునపుడు, ముసలివారైన తలిదండ్రులు గోడపై నిలిచి లోపలికి రమ్మని వేడుకొందురు. ఆతడు పోడు. అంతకు ముందు ఒక మిత్రుని మంచి సలహాను త్రోసిపుచ్చి సేనను నష్టపఱచినందున, ఇప్పుడు లోపలికి పోయినచో జనులు తన్ను నిందింతురని ఆతని సిగ్గు. మొదట కుటుంబమును రక్షింపవలెనని బయలుదేఱిన పౌరుషము తుదకు లోకనిందకు వెఱచి, తలిదండ్రుల మొఱను పెడచెవిని పెట్టెను. ఆతడు కూలినపుడు ఆండ్రొమకి యింట మగ్గము ముందు కూర్చుండి వస్త్రము నేయుచు, భర్త స్నానమునకు నీళ్లు కాచుడని దాసీలకు చెప్పుచుండెను. కోటగోడ మీది నుండి ఏడుపు వినవచ్చినది. ఆమె చేతిలోని కండె జారిపడెను.

రెండు భక్తులు ఢీకొనిన కథ

ఇలియడ్ తొమ్మిదవ భాగమున అకిలీసును పెంచిన వృద్ధుడు ఫీనిక్సు ఒక పాత కథ చెప్పును. మెలియాగరు అను వీరుడు ఒక వివాదములో తన మేనమామను చంపెను. ఆతని తల్లి ఆల్థియాకు ఒకవైపు కన్నకొడుకు, మఱియొకవైపు తోడబుట్టినవాడు. ఆమె సోదరుని పక్షము వహించి, నేలను చేతులతో కొట్టుచు, కొడుకునకు చావు రావలెనని శపించెను. ఆ కోపముచే మెలియాగరు యుద్ధము మాని యింట పడియుండెను. పెద్దలు కానుకలిత్తుమనినను, తండ్రి వేడినను, తుదకు తల్లియే బ్రతిమాలినను కదలలేదు. శత్రువులు ఊరికి నిప్పుపెట్టుచుండగా, పట్టుపడిన నగరమున స్త్రీలును బిడ్డలును పడు పాట్లను భార్య క్లియోపాత్ర చెప్పగా విని అప్పుడు లేచెను.

పుట్టినింటి భక్తియు కన్నబిడ్డపై భక్తియు రెండును సహజములే. అవి ఒకదానినొకటి చంపుకొనిన సందర్భమిది. కుటుంబభక్తి యనగా ఎల్లప్పుడు సులభమైన తిన్ననిదారి గాదని ఈ కథ తెలుపుచున్నది.

మధురమైన ఉదాహరణములును లేకపోలేదు. మెనెలాసు బాణము తగిలి నెత్తురు కార్చినపుడు అన్న అగమెమ్నాను వణకిపోవును. పెద్ద సేనలకు నాయకుడైన ఆతడు ఆ క్షణమున ఒక అన్న మాత్రమే. ఏయాసు, ట్యూసరు అను వారు ఒక తండ్రి బిడ్డలు, తల్లులు వేఱు. ఏయాసు పెద్ద డాలు పట్టి నిలువగా, ట్యూసరు దాని మాటు నుండి బాణములు వేసి, బిడ్డ తల్లి చాటునకు పోవునట్లు మరల అన్న డాలు మాటునకు చేరుచుండును. సవతి తల్లుల బిడ్డలకు వైరము తప్పదని తలచువారు ఈ సోదరులను తలచుకొనవలెను.

ఇద్దఱు తండ్రులు

ఇలియడ్ మొదటి భాగమున అపోలో దేవుని పూజారి క్రైసీసు తన కూతురును విడిపించుకొనుటకు విలువగల వస్తువులతో గ్రీకుల శిబిరమునకు వచ్చెను. సేన యంతయు ఇచ్చివేయుమని పలికినను, అగమెమ్నాను ముసలివానిని బెదరించి పంపివేసెను. తండ్రి మొఱ నాలకింపనందున సేనలో మహామారి పుట్టెను, నాయకులలో కలహము పుట్టెను. అకిలీసు కోపగించి యుద్ధము మానెను. ఆతని ప్రాణమిత్రుడు పాట్రోక్లసు హెక్టరు చేతిలో మరణించెను. అందుకు పగగా అకిలీసు హెక్టరును చంపి, శవమును రథమునకు కట్టి యీడ్చెను. కావ్యములోని ఇన్ని యనర్థములకును మొదట త్రోసివేయబడిన ఒక తండ్రి ప్రార్థనయే మూలము.

చివరి భాగమున ప్రయాము ఒక్క సేవకునితో రాత్రివేళ శత్రుశిబిరమునకు పోవును. దారిలో హెర్మీసు దేవుడు మాఱువేషమున తోడుపడును. ఆతనికి ఏబదిమంది కుమారులుండిరి. అందు పెక్కండ్రు ఆ యుద్ధమున మడిసిరి. ఆ రాజు డేరాలో ప్రవేశించి అకిలీసు మోకాళ్లను పట్టుకొని, తన బిడ్డలను చంపిన ఆ చేతులనే ముద్దుపెట్టుకొనును. ఆతడు ధర్మశాస్త్రము చెప్పలేదు, ధనమును గూర్చి ముందుగా మాటలాడలేదు. నీ తండ్రిని జ్ఞాపకము చేసికొమ్మని మాత్రము వేడుకొనెను. అకిలీసు తండ్రి పీలియసు దూరదేశమున వృద్ధుడై కొడుకు రాకకై వేచియున్నాడు. ఆ కొడుకు తిరిగిపోవుట లేదని అకిలీసునకు తెలియును, ఏలయన ట్రాయిలో నిలిచినచో అల్పాయువు తప్పదని తల్లి థెటిసు ముందే చెప్పియుండెను.

అప్పుడు ఇద్దఱును ఏడ్తురు. ఒకడు హెక్టరుకొఱకు, ఇంకొకడు ఒకసారి తండ్రికొఱకు, ఒకసారి మిత్రునికొఱకు. ఆ యేడ్పు ముగిసిన వెనుక అకిలీసు ముసలివానిని చేయిపట్టి లేపి కూర్చుండబెట్టి, శవమును కడిగించి, వస్త్రము కప్పించి, తానే యెత్తి పాడెపై నుంచును. కొడుకు శవమును చూచి ముసలివాడు కోపగించినచో తనకును కోపము వచ్చునేమో యని, కడుగునంతవఱకు చాటున నుంచుమని చెప్పును. తన క్రోధమును తానెఱిగి జాగ్రత్తపడుట ఈ వీరునియందు కొత్త గుణము. ఉత్తరక్రియలకై ఎన్ని దినములు కావలెనని అడిగి, పదునొకండు దినములు యుద్ధము నాపెదనని మాట యిచ్చును.

మా బుద్ధికి ఈ కావ్యమంతటికిని శిఖరమిదియే. కుటుంబభక్తి సాధారణముగా మనవారు, పరవారు అను గోడను కట్టును. ఇక్కడ ఆ భక్తియే గోడను పడగొట్టినది. తన తండ్రిని ప్రేమించువాడు గనుకనే అకిలీసు శత్రువుయొక్క తండ్రిలో తండ్రిని చూడగలిగెను. యుద్ధము మాత్రము ఆగిపోలేదు. పండ్రెండవ దినమున మరల మొదలిడవలసినదే. కాని ఆ రాత్రి ఇద్దఱు మనుష్యులు కలిసి భోజనము చేసిరి.

హెక్టరుని శవముపై ముగ్గురు స్త్రీలు విలపింతురు: భార్య, తల్లి, మూడవది హెలెను. ఈ హెలెను వలననే యుద్ధము వచ్చినది. అత్తవారింట పలువురు తన్ను దెప్పినను బావగారైన హెక్టరు ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదనియు, మామగారును తండ్రివలె చూచెననియు ఆమె చెప్పుకొని యేడ్చును. ఇంటికి కష్టము తెచ్చినదాని యెడలను మర్యాద తప్పకపోవుట హెక్టరుని కుటుంబభక్తికి చివరి సాక్ష్యము.

ఇల్లు చేరుట

ఒడిస్సీ కథకు వచ్చుదము. యుద్ధము పదియేండ్లు, తిరుగు ప్రయాణము పదియేండ్లు. ఒడిస్యూసు ఇథాకా ద్వీపమును విడిచినపుడు కుమారుడు టెలిమెకసు చంటిబిడ్డ. కావ్యమున ఒడిస్యూసు మనకు మొదట కనబడునది యుద్ధము చేయుచు గాదు. కాలిప్సో అను దేవకన్య ద్వీపమున సముద్రపుటొడ్డున కూర్చుండి యింటిని తలచుకొని యేడ్చుచుండును. ఆమె యొద్ద ఏడు సంవత్సరములు చిక్కుకొనియుండెను. తనతో నుండినచో చావును ముసలితనమును లేకుండ చేసెదనని ఆమె చెప్పును. పెనెలొపి రూపమున నీకు సాటిరాదు, ఆమె మరణించునది, నీవు అమరురాలవు, అయినను నాకు ఇల్లు చేరవలెననియే కోరిక అని ఆతడు ప్రత్యుత్తరమిచ్చును. అమరత్వము కంటె ముసలిదగుచున్న భార్యయు, ఱాళ్లతో నిండిన చిన్న ద్వీపమును మేలని యెంచుట చిన్న విషయము గాదు.

ఇంటివద్ద పెనెలొపి స్థితి యెట్లున్నది? చుట్టుపట్ల ద్వీపముల నుండి నూటయెనిమిది మంది యువకులు ఆమెను పెండ్లాడవలెనని వచ్చి, ఆ యింట తిని త్రాగి పసులను కోయుచు, ఇంటి యాస్తిని కరిగించుచుండిరి. మామగారైన లేయర్టీసు చనిపోయినప్పుడు కప్పవలసిన వస్త్రమును నేసి ముగించిన తరువాత చెప్పెదనని ఆమె గడువు కోరెను. పగలు నేసి, రాత్రి దివిటీల వెలుగున విప్పివేయుచు మూడేండ్లు గడపెను. నాలుగవ యేట దాసీలలో నొకతె రహస్యమును బయటపెట్టెను. ఆమె యెన్నుకొనిన నెపమునందును అర్థము కలదు. మామగారికి చేయవలసిన కర్తవ్యమును ఎవ్వరును కాదనజాలరు.

భర్త తిరిగివచ్చి, విల్లు వంచి, ఆ యువకులను చంపిన తరువాతను పెనెలొపి తొందరపడలేదు. వేషము వేసికొని వచ్చి మోసగించువాడేమో యని ఆమె భయము. మంచమును గది వెలుపలికి తెచ్చి పఱుపుమని దాదితో చెప్పును. ఒడిస్యూసునకు ఉలికిపాటు కలుగును. ఆ మంచపు కోడు నేలలో వేళ్లుగల ఆలివు చెట్టు మొద్దు. దాని చుట్టు ఆతడు స్వయముగా గది కట్టెను. దానిని కదల్చుట యెట్లు? ఈ రహస్యము దంపతులకును ఒక్క దాసికిని తప్ప అన్యులకు తెలియదు. ఆతని కోపమే ఆమెకు గుర్తు. అప్పుడు కవి ఒక ఉపమానము చెప్పును. ఓడ పగిలి, ఉప్పునీటిలో ఈది, ఒడ్డును చూచినవానికి ఎట్టి సంతోషము కలుగునో అట్టి సంతోషము - ఎవరికి? సముద్రమున తిరిగినవాడు ఒడిస్యూసు గనుక ఆతనికే యని చదువరి తలచును. కాని ఆ పోలిక పెనెలొపిని గూర్చినది. ఇంటిలో నుండియే ఆమె ఇరువదియేండ్లు సముద్రము నీదినదని కవి భావము.

కుమారుని భక్తి వేఱు విధమైనది. టెలిమెకసునకు తండ్రి ముఖము జ్ఞాపకము లేదు. వినికిడి మాత్రమే ఆధారముగా ఓడ యెక్కి పైలాసునకును స్పార్టాకును పోయి, తండ్రితో యుద్ధము చేసిన పెద్దలను విచారించును. అచ్చట అగమెమ్నాను గతిని వినును. ఆ మహారాజు విజయియై ఇల్లు చేరగా, భార్య క్లైటెమ్నెస్ట్రయు ఆమె ప్రియుడు ఈజిస్థసును ద్రోహము తలపెట్టి ఆతనిని చంపిరి. కుమారుడు ఒరెస్టీసు పెరిగి ఆ పగ తీర్చెను. ఒడిస్సీయందు ఈ కథ మాటిమాటికి వచ్చును. ఒక యిల్లు నిలిచినది, ఒక యిల్లు కూలినది. రెంటికిని నడుమ నున్న భేదము లోపలివారి విశ్వాసమే.

లేయర్టీసుని తోట

తల్లి ఆంటిక్లియా మాత్రము కొడుకు రాకకు ముందే మరణించెను. ఒడిస్యూసు ప్రేతలోకమునకు పోయినపుడు ఆమెను చూచి, ఏ రోగము నిన్ను చంపినదని అడుగును. రోగము గాదు, నీపై బెంగయే యని ఆమె చెప్పును. మూడుమాఱులు కౌగిలించుకొనబోవును, మూడుమాఱులును ఆమె నీడవలె జారిపోవును. దూరదేశములకు పోయి కీర్తి గడించినవాడు ఇంటివద్ద చెల్లించు వెల ఇట్టిది.

తండ్రి లేయర్టీసు రాజభవనమును విడిచి, పొలములో మాసిన బట్టలతో చెట్లకు పాదులు త్రవ్వుకొనుచుండెను. కొడుకు ఎదుట నిలిచి నేనే నీ కుమారుడననగా ముసలివాడు గుర్తు చూపుమనును. ఒడిస్యూసు బాల్యమున అడవిపంది కోఱతో చీల్చిన గాయపు మచ్చను ముందు చూపెను. తరువాత, చిన్ననాడు తాను తండ్రి వెంట తోటలో తిరుగుచు ఒక్కొక్క చెట్టు పేరడిగినపుడు ఆయన తనకిచ్చిన చెట్లను లెక్కచెప్పెను: బేరిచెట్లు పదమూడు, ఆపిలుచెట్లు పది, అత్తిచెట్లు నలువది, ద్రాక్షవరుసలు ఏబది. అది విని ముసలివాని మోకాళ్లు సడలినవి. ట్రాయిని జయించిన కీర్తి ఇక్కడ నిదర్శనముగా పనికిరాలేదు. చిన్నపిల్లవాడు తండ్రి వెంట నడచినపుడు విన్న లెక్క పనికివచ్చినది.

భక్తియు పగయు

ఇంతవఱకు చెప్పినదానిలో ప్రశంస యెక్కువైనది. లోపములను దాచుట న్యాయము గాదు. పెనెలొపి ఇరువదియేండ్లు నియమము తప్పలేదు. ఒడిస్యూసు సర్సీ యను మాయావిని యొద్ద ఒక సంవత్సరము సుఖముగా గడపి, స్నేహితులు జ్ఞాపకము చేసిన తరువాతనే బయలుదేఱెను. స్త్రీకొక నియమము, పురుషునకొక నియమము అను ఆ కాలపు దృష్టి ఇందు స్పష్టము. శత్రువులతో చేతులు కలిపిరని పండ్రెండుగురు దాసీలను ఉరితీయించుట నేటి చదువరికి కంటకముగా తోచును. తమ యిష్టము చొప్పున బ్రతుకుటకు స్వాతంత్ర్యము లేనివారి నుండి విశ్వాసమును ఇంత కఠినముగా రాబట్టుట ధర్మమా యని మేము ప్రశ్నింపక తప్పదు.

చంపబడిన యువకులకును తండ్రులుండిరి. వారిలో మొదటివాడైన ఆంటినోసుని తండ్రి యూపెయిథీసు, కొడుకునకై యేడ్చుచు, జనులను కూడగట్టుకొని ఒడిస్యూసు మీదికి వచ్చును. ఆతని పనియు కుటుంబభక్తియే. ఇటు లేయర్టీసు, ఒడిస్యూసు, టెలిమెకసు మూడు తరములవారును కవచములు ధరించి నిలుతురు. కొడుకును మనుమడును శౌర్యమున పోటీపడుట చూచి ముసలివాడు పొంగిపోవును. ఆతడు విసరిన బల్లెమునకు యూపెయిథీసు కూలును. ఒక తండ్రి మఱియొక తండ్రిని చంపెను. ఇట్లు సాగినచో ఇథాకాలో ఒక్క యిల్లును మిగులదు. అప్పుడు ఎథీనా దేవత కేకవైచి యుద్ధము నాపి, ఇరుపక్షములవారిచే సంధి చేయించును. ఒడిస్సీ అంతమగునది ఈ సంధితోనే. కుటుంబభక్తి తనంత తాను పగను ఆపలేదనియు, దానిపైన ఊరంతటికి వర్తించు శాంతి యొకటి కావలెననియు కవి యెఱుగును.

ఎనిమిదవ భాగములోని ఒక దృశ్యమును ఇక్కడ చెప్పక విడువలేము. ట్రాయి పతనమును గాయకుడు పాడుచుండగా విని ఒడిస్యూసు ఏడ్చును. ఆతని యేడ్పు ఎట్టిదనగా, తన నగరమునకై పోరాడి పడిన భర్త దేహముపై వ్రాలి యేడ్చుచు, వెనుక నుండి శత్రువులు బల్లెములతో పొడుచుచు బానిసగా లాగుకొనిపోవుచున్న స్త్రీ యేడ్పు వంటిదట! ట్రాయిని కూల్చినవాడు ట్రాయి స్త్రీవలె ఏడ్చుచున్నాడు. ఇది చదువునపుడు ఆండ్రొమకి జ్ఞప్తికి రాకపోదు.

ఉపసంహారము

గ్రీకుల ఈ కావ్యముల నుండి మనము గ్రహింపదగినవి మూడు గలవని మా యభిప్రాయము. కుటుంబభక్తి పెద్దమాటలలో గాక చిన్నపనులలో కనబడును: శిరస్త్రాణము తీసి బిడ్డ నెత్తుకొనుటలో, ఓపికతో నేతనేయుటలో, చెట్ల లెక్క మఱవకుండుటలో. అది ఇతర ధర్మములతో ఢీకొనినపుడు తేలిక యుత్తరము దొరకదు, హెక్టరునకు దొరకలేదు. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మన యింటివారిపై ప్రేమ ఇతరుల యింటివారి దుఃఖమును తెలియజేయువఱకు పెరుగవలెను. అక్కడికి పెరుగనిది పగకు చేయూత యగును.

విద్యార్థులారా, మీలో పలువురు చదువు ముగించి ఉద్యోగములకై దూరపు ఊళ్లకు పోవుదురు. ఇంటివద్ద ముసలివారు వేచియుందురు. వారు మీ బిరుదులను చూచి సంతోషింతురు గాని, ఆంటిక్లియావలె బెంగపడుచుందురని మఱవకుడు. సెలవులకు ఇల్లు చేరినపుడు తండ్రిగారి వెంట పొలము గట్టుననో పెరటిలోనో ఒకమాఱు నడువుడు. ఏ చెట్టు ఎవరు నాటినదో అడిగి తెలిసికొనుడు. తలిదండ్రులారా, మీరును బిడ్డలకు ఆ లెక్కలు చెప్పుడు. మూడువేల యేండ్లకు దగ్గఱగా వచ్చుచున్నను, లేయర్టీసు కొడుకున కిచ్చిన పదమూడు బేరిచెట్లు లోకమునకు జ్ఞాపకమున్నవి.